గుమ్మఘట్టలో విన్న ఇరాన్ గొర్రెల కథ

వందేళ్ళ నాటి ఇరాన్ రాజు గురించి తెలుసుకోవడానికి ఎవరైనా గుమ్మఘట్టకు పోతారా? నేను పోయాను. దేశాన్ని రాత్రికి రాత్రి ఆధునికం చేయబోయిన ఆ రాజుకు షియా మతగురువులు, కొండజాతులు ఎందుకు ఎదురు తిరిగారన్నది నేను రాస్తున్న పుస్తకంలో ఒక అధ్యాయం. అక్కడి సంచార జాతి పెద్ద ఒకాయన పారశీలో రాసుకున్న జ్ఞాపకాలు రెండు పేజీలు నాకు కొరుకుడు పడలేదు. గుమ్మఘట్టలో ఖాసిం సార్ అనే రిటైర్డ్ ఉర్దూ మాస్టారికి పారశీ కొట్టిన పిండి అని మిత్రుడు చెప్పాడు.

అనంతపురంలో ఉదయం ఆరింటికి బస్సెక్కి, కళ్యాణదుర్గం మీదుగా తొమ్మిది దాటాక రాయదుర్గం చేరాను. టికెట్టు నూట ముప్పై దాకా అయింది. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై. దారి పొడవునా వాన కోసం చూస్తున్న వేరుశనగ చేలు. "ఉర్దూ సారింటికా? నాకు అక్షరం నేర్పింది ఆయప్పేనన్నా," అంటూ డ్రైవర్ సరిగ్గా ఇంటి ముందే దించాడు.

సార్ అరుగు మీద గొర్రెల కాపరి హనుమంతు కూర్చుని ఉన్నాడు. అతను మేపుకునే గుట్టకు కొత్తగా కంచె పడింది. మేత లేక, తాతల నాటి మందను మొత్తం అమ్మేయడానికి సిద్ధపడి, మధ్యాహ్నం రావలసిన వ్యాపారి కోసం ఎదురుచూస్తున్నాడు. సార్ భార్య పెట్టిన జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి ముట్టనే లేదు. నేను మాత్రం సిగ్గు లేకుండా మూడు రొట్టెలు లాగించాను.

సార్ నా కాగితాలు చదువుతూ తెలుగులో చెప్పసాగారు. రాజు జనం కట్టూబొట్టూ మార్పించాడట. మతగురువుల చేతుల్లోని కోర్టులు, బడులు లాక్కున్నాడట. మొహర్రం ఊరేగింపులు ఆపించాడట.

"పీర్ల పండగే నిలిపినాడా? వానికేం పోయేకాలం సార్!" ఏటా పీరును ఎత్తుకునే హనుమంతుకు భగ్గున కోపం వచ్చింది.

"గురువులకు అందుకే మండిందప్పా. కొండోళ్ళ కష్టం ఇంకోటి. ఎండాకాలం కొండకు, చలికాలం కిందికి మందలు తోలే దారుల్లో సైన్యాన్ని పెట్టినాడు. ఒకేచోట ఇండ్లు కట్టుకోండన్నాడు."

"ఇండ్లు సరే. జీవాలకు మేత యాడుండాది?"

ఇన్నేళ్ళలో ఏ సెమినార్‌లోనూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. నిజంగా సిగ్గేసింది.

"మందలకు మందలే చచ్చినాయంట. ఇది రాసిన ఆయప్ప వాళ్ళ నాయన పొట్టేళ్ళను అమ్మి, ఆడజీవాలను మాత్రం ఇడవలేదంట. రాజు దిగిపోయినంక మళ్ళా కొండదారి పట్టినారంట."

"మొత్తం అమ్ముకున్నోళ్ళు?"

సార్ కాగితం తిప్పి చూశారు. "కూలికి పోయినారు."

రెండింటికి వ్యాపారి బండి వచ్చింది. హనుమంతు పక్కనే ఉన్న తన దొడ్డిలో దిగి, ఒక్కొక్కదాన్నే చేత్తో పట్టి వేరు చేయడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, మందంతా అంటివే!" అన్నాడు వ్యాపారి.

"పొట్టేళ్ళు తీస్కపో. సూడిగొర్లు నావి. కడుపుతో ఉండేటివాటిని అమ్మను."

"కంచె ఏసినారు కదా, ఏం పెడతావ్?"

"కంబదూరు పక్క మా బామ్మర్ది బీళ్ళుండాయి. దూరమైనా రేపు తోలుకొని పోతా."

నా అధ్యాయంలో "వెనుకబాటుతనం వల్లే కొండజాతులు తిరగబడ్డాయి" అని గొప్పగా రాసుకున్న వాక్యం ఒకటుండేది. తిరుగు బస్సులో దాన్ని కొట్టేశాను. కరువు సీమ అని జాలిపడేవాళ్ళను చాలామందిని చూశాను. ఈ నేల మనుషుల బుర్రకు దండం పెట్టాలనిపించింది నాకు. మీరూ అటు వెళితే ఓ అరగంట చేతిలో ఉంచుకుని బయలుదేరండి. రోడ్డుకు మంద అడ్డొస్తే, అది దాటేదాకా డ్రైవర్‌ను హారన్ కొట్టనివ్వకండి. కంబదూరు దాకా నడవాల్సిన సూడిగొర్రెలు అందులో ఉండవచ్చు.