తరగతి గదిలో తొట్టెల

2018 చివరి రోజులు. మేడ్చల్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు ట్రైనింగ్ జరుగుతోంది. అక్కడ నేను రిసోర్స్ పర్సన్‌ని, అంటే టీచర్లకు పాఠం చెప్పే టీచర్‌ని. మామూలు రోజుల్లో నా బడి నాకుంది, నా మూడో తరగతి పిల్లలున్నారు. ట్రైనింగులప్పుడు మాత్రం పిలుస్తారు, వెళ్తాను. నిజం చెప్పాలంటే సాటి టీచర్లకు చెప్పడం కన్నా మూడో తరగతికి చెప్పడమే సుఖం. పిల్లలు పాఠం మధ్యలో ఫోన్లు చూసుకోరు.

నాకిచ్చిన అంశం మల్టీలింగ్వల్ క్లాస్‌రూమ్. ఇంట్లో వేరువేరు భాషలు మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉంటే వాళ్లకు చదువెలా చెప్పాలన్నది విషయం. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. ఇటుక బట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి, కోళ్లఫారాలకు బీహార్ నుంచి, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లకు ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తాయి. పెద్దవాళ్లు పనిలోకి పోతే పిల్లలు మన బడిలోకి వస్తారు. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటారు. మనవాళ్లు రిజిస్టర్‌లో పేరు రాసుకుని, "వాళ్లకేం రాదు మేడం" అని చేతులు దులుపుకుంటారు.

ఆ జబ్బుకు నా దగ్గర ఒక మందు ఉంది. మొదటి రోజే హాలు తలుపులు వేసి, కాసేపు ఒడియాలో లెక్కల పాఠం చెబుతాను. మా నాయిన రైల్వే ఉద్యోగం వల్ల నా చిన్నప్పటి చదువు కొంత బరంపురంలో సాగింది, ఆ భాష అలా అబ్బింది. తెలుగు ముక్క మాట్లాడనివ్వను. జవాబు చెప్పనివాళ్లను నిలబెడతాను. బీఎడ్‌లు, ఎమ్మెస్సీలు చేసినవాళ్లు కాసేపటికల్లా తల దించుకుంటారు. ఆ ఏడాది ఒకాయన బాత్రూంకని వెళ్లి టీ వేళ దాకా తిరిగి రాలేదు. చివర్లో తెలుగులో ఒక్క ప్రశ్న అడుగుతాను: "మీకు లెక్కలు రావా, లేక నా మాటలు రావా?" హాలంతా నిశ్శబ్దమైపోతుంది. నాకు అది చాలా ఇష్టమైన నిశ్శబ్దం.

ఆరోజు టీ వేళ అనిత నా దగ్గరికి వచ్చింది. శామీర్‌పేట దాటాక ఒక ఊళ్లో విద్యా వాలంటీర్, అంటే ఏడాదికోసారి కొత్తగా పెట్టుకునే టీచర్. పర్మినెంట్ కాదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల.

"మేడం, మా క్లాసుల బట్టీ పిల్లలున్నరు. నాకు ఆ మాటలు నేర్పుతరా?"

"ఏ మాటలు కావాలె?"

"రా, కూసో, అన్నం తిన్నవా, భయపడకు. గివి జెప్పుండ్రి మేడం. ఇగ మిగిలింది నేను జూసుకుంట."

ఆమె అడిగిన మాటల్లో చదువన్న మాటే లేదు. అందుకే నచ్చింది. నేను చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకుంది. ఆ తర్వాత కూడా తరచూ ఫోన్ చేసి కొత్త మాటలు అడిగేది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి తడబడుతూనైనా ఒడియాలో నాలుగు వాక్యాలు చెప్పగలిగే స్థాయికి వచ్చింది.

ట్రైనింగ్ అయ్యాక బడులకు వెళ్లి, చెప్పింది ఎంతవరకు అమలవుతోందో చూడాలి. దాన్ని క్లాస్‌రూమ్ అబ్జర్వేషన్ అంటారు. జనవరి చివర్లో అనిత బడికి వెళ్లాను. బట్టీ పిల్లలు ముందు వరుసలో ఉన్నారు. గోడ మీద బొమ్మల కింద తెలుగు పేరు, దాని పక్కన ఒడియా పేరు తెలుగు అక్షరాల్లోనే రాసి ఉన్నాయి. నన్ను ఆపేసింది మాత్రం అవి కాదు. ఫ్యాన్ లేని కొక్కేనికి పాత చీరతో కట్టిన తొట్టెల. అందులో ఒక పసివాడు నిద్రపోతున్నాడు. తొట్టెలకు కట్టిన తాడు రెండో కొస, కింద కూర్చున్న అమ్మాయి కాలి బొటనవేలికి ఉంది. చేత్తో పలక మీద రాస్తోంది, కాలితో తమ్ముణ్ని ఊపుతోంది.

ఆ అమ్మాయి పేరు సుకాంతి. తొమ్మిదేళ్లుంటాయి. తమ్ముణ్ని అందరూ బాబులు అనేవారు.

బట్టీలో ఇటుక కోసేది ఒక మనిషి కాదు, ఒక కుటుంబం. తల్లి మట్టి తొక్కి ముద్ద చేసి అందిస్తే తండ్రి అచ్చులో వేసి ఇటుక దించుతాడు. ఏ ఒక్కరు లేచినా రెండోవాళ్ల పని ఆగిపోతుంది. అందుకే ఇంట్లో పెద్దపిల్ల చంటివాడికి రెండో తల్లి. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది కానీ అంత చిన్నవాణ్ని పగలంతా ఉంచుకోరు. చిన్నవాడు సంకలో ఉన్నంతసేపూ పెద్దపిల్ల బడి వైపు రాదు.

"మొదట పిలగాడు ఏడుస్తడని గేటు కాణ్నించే మళ్లిపోతుండె మేడం," అంది అనిత. "మా అమ్మ చేపల గంప నెత్తిన ఎత్తుకొని అల్వాల్ దాకా పోతుండె. మా తమ్ముడు నా సంకలనే పెరిగిండు. నేను గూడ గట్లనే గేటు కాణ్నించి మళ్లిపోయినదాన్నే. అందుకే వాణ్ని గూడ తోలుకరమ్మన్న."

సుకాంతిని చదవమన్నాను. లేచి నిలబడింది. అప్పుడే బాబులు లేచి మూలిగాడు. వాణ్ని తీసి ఎడమ నడుం మీద వేసుకుని, కుడిచేత్తో పుస్తకం పట్టుకుని, తెలుగు పాఠం సగం పేజీ చదివింది. నవంబర్‌లో బడి రిజిస్టర్‌లో నోరు తెరవని పిల్ల అని, మందబుద్ధేమోనని రాసుకున్నది ఈ పిల్ల గురించే. నేను ఇన్నేళ్లలో చూసిన మంచి తరగతి గదుల్లో అది ఒకటి. నా అబ్జర్వేషన్ రిపోర్టులో తొట్టెల గురించే ఎక్కువ రాశాను.

ఫిబ్రవరిలో పై నుంచి తనిఖీ టీం వస్తుందని కబురు వచ్చింది. వాళ్లు ఫలానా రోజని చెప్పరు. అనిత ఫోన్ చేసింది.

"మేడం, హెడ్మాస్టర్ సారు తొట్టెల తీసెయ్యమంటున్నడు."

నేను వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చెడ్డమనిషేమీ కాదు. పక్క ఊరి పటేళ్ల కుటుంబం, నెమ్మదైన మనిషి. రిటైర్మెంట్ దగ్గర పడిన ప్రతి హెడ్మాస్టర్‌కీ ఉండే భయమే ఆయనకూ ఉంది.

"మీరు ట్రైనింగ్ ఇచ్చి పోతరు మేడం. రేపు టీం వచ్చి గిది బడా, బాలవాడా అని ఫొటో కొడితే మెమో వచ్చేది నాకు. ఊళ్లె కమిటీవాళ్లు గూడ అడుగుతున్నరు, మా పిల్లలు సదువుకునేకాడ గా చీరేందని."

"సార్, తొట్టెల తీస్తే ఆ పిల్ల రాదు."

"టీం వచ్చి పోయినంక మళ్ల కట్టుకోమనుండ్రి. నేనేమన్న వద్దన్ననా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నేను మండలంలో ఇంకో పెద్దాయనకు కూడా చెప్పాను. "చూద్దాం మేడం" అన్నాడు. మా శాఖలో చూద్దాం అంటే చూడబోమని అర్థం.

తొట్టెల తీసేశారు. సుకాంతి రావడం మానేసింది. టీం మాత్రం ఆ వారం రాలేదు, పై వారం రాలేదు. ఈలోగా హెడ్మాస్టర్‌కు రెండో భయం పట్టుకుంది. టీం వచ్చిన రోజు హాజరు తక్కువుంటే అదొక తంటా. అనితను పిలిచాడు.

"పిల్లను రమ్మను, పిలగాణ్ని తేవద్దను. వాళ్ల బాసల్నే జెప్పు, నీకొస్తది గద."

అనిత బట్టీకి వెళ్లింది. అంతకుముందు ఎవరు ఏం చెప్పినా ఆ తల్లికి సగమే అర్థమయ్యేది. అర్థం కానిది ఆమె పట్టించుకునేది కాదు, పిల్ల తన పద్ధతిలో తాను తమ్ముణ్ని వేసుకుని తిరిగేది. ఈసారి పూర్తిగా అర్థమైంది. తన భాషలో మాట్లాడిన మొదటి టీచర్ వచ్చి, పిల్లను పంపు, బాబును నీ దగ్గర ఉంచుకో, భయపడకు అని చెప్పింది. ఆమె నమ్మింది. ఆ మాటలన్నీ నేను నేర్పినవే. ఎన్నోసార్లు అనుకున్నాను, అనితకు ఒడియా రాకపోయి ఉంటే ఆ కబురు అక్కడికి చేరేదే కాదని.

సుకాంతి మర్నాటి నుంచి బడికి వచ్చింది. బాబులు మట్టి నానబెట్టే గుంత పక్కన, గోనెపట్టా మీద ఉన్నాడు. అప్పుడప్పుడే పట్టుకుని నిలబడుతున్నాడు. ఒక మధ్యాహ్నం తల్లి తట్టతో ముద్ద అందించి వెనక్కి తిరిగేసరికి పట్టా మీద లేడు.

అనిత ఫోన్లో "మేడం, బాబులు లేడు" అని ఒక్క మాట అని పెట్టేసింది.

మూడోనాడు ఇద్దరం కలిసి బట్టీకి వెళ్లాం. కేసు లేదు, కాగితం లేదు. యజమాని మనుషులే దగ్గరుండి బిడ్డను పూడ్పించారు. వాడు పడిన గుంత చుట్టూ ఇప్పుడు ముళ్లకంప వేసి ఉంది, చేతులు కాలాక పట్టుకున్న ఆకుల్లా. మేం వెళ్లేసరికి ఆ తల్లి మట్టి తొక్కుతోంది. పని ఆపితే ముందు తీసుకున్న అడ్వాన్సు తీరదని, సీజన్ చివర్లో ఇంటికి పంపరని భయం. అనితను చూసి ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒడియాలో నాతో అంది: "మీ బడి మంచిదే. అందులో వాడికే చోటు లేకపోయింది."

అనిత ఆమె కాళ్ల దగ్గర, ఆ బురదలోనే కూర్చుని ఏడ్చింది.

ఊళ్లో మాట వేరేగా నడిచింది. టీచరమ్మ బట్టీకి పోయి పిలగాణ్ని తేవద్దన్నదట అని. పంపినవాళ్ల పేరు ఎవరూ ఎత్తలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. హెడ్మాస్టర్ కూడా ఒకసారి నాతోనే, "నేను బడికి రమ్మనమన్న గని, గట్లెందుకు జెప్పిందో" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మార్చిలో మళ్లీ అబ్జర్వేషన్‌కు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లబుద్ధి కాలేదు, అయినా వెళ్లాను. హెడ్మాస్టర్ టీ తెప్పించాడు. ఏదో ఒక మంచి మాట చెప్పాలన్న తాపత్రయంతోనే అన్నాడు:

"ఆ పిల్ల ఇప్పుడు దినాం వస్తాంది మేడం. ఒక్కపూట గూడ పోతలేదు. హాజరు మస్తుంది."

నాకు ఒళ్లు మండింది. ఆయన ముఖం చూశాను. తనేమన్నాడో ఆయనకు నిజంగానే తెలియలేదు. టీ అలాగే వదిలేసి తరగతికి వెళ్లాను.

సుకాంతి ముందు వరుసలోనే ఉంది. కొక్కెం ఖాళీగా ఉంది. అనిత ఆమెను చదవమంది. లేచి నిలబడి, కుడిచేత్తో పుస్తకం పట్టుకుని, ఈసారి తప్పు లేకుండా చదివింది. చదువుతున్నంతసేపూ ఎడమ నడుం పక్కకు ఒరిగే ఉంది. ఎడమచెయ్యి నడుం చుట్టూ వంగి, ఒక బిడ్డ పట్టేంత చోటు వదిలి, అలాగే ఉంది. మధ్యలో ఒకసారి ఆ చేతిని పైకి ఎగదోసుకుంది, జారుతున్న పిల్లవాణ్ని సర్దుకున్నట్టు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను బయటికి వచ్చి బోరింగ్ దగ్గర ముఖం కడుక్కున్నాను.

ఆ ఏడాది టీం రానే లేదు. వర్షాలు మొదలయ్యే ముందు బట్టీ కుటుంబాలు వెళ్లిపోయాయి, సుకాంతి వాళ్లు మళ్లీ ఈ వైపు రాలేదు. అనితను తర్వాతి ఏడాదికి తీసుకోలేదు. ఇప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక చీరల దుకాణంలో పని చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఒకసారి అంది: "చీర మడత విప్పినప్పుడల్లా రెండు కొసలు పట్టి గుంజి సూస్తున్న మేడం, పిలగాణ్ని ఆపుతదా లేదా అని. కొనేవాళ్లు నన్ను పిచ్చిదాన్ని జూసినట్టు జూస్తరు."

తొట్టెల సంగతి ట్రైనింగ్ మాడ్యూల్‌లో, అంటే మాకిచ్చే పాఠాల పుస్తకంలో చేర్చమని రాసి పంపాను. భాషా బోధనకు సంబంధం లేని అంశమని తిప్పి పంపారు. అందుకని పుస్తకంలో లేకుండానే చెబుతున్నాను. ఇప్పటికీ ఒడియాలో లెక్కల పాఠం చెబుతాను, ఇప్పటికీ హాలు నిశ్శబ్దమవుతుంది. కానీ ఆ నిశ్శబ్దం మీద నాకు మునుపటి మోజు లేదు. పాఠం అయ్యాక సంచిలోంచి పాత చీర తీసి, హాల్లో దొరికిన కొక్కేనికి తొట్టెల కట్టి చూపిస్తాను. మొదట నవ్వుతారు. తర్వాత ఈ కథ చెబుతాను. పిల్లవాడి భాష నేర్చుకోవడం సగం పనే, ఆ భాషలో మనం ఏం చెప్పబోతున్నామో, దాని వెనక వాళ్ల ఇల్లు ఎలా నడుస్తోందో తెలియకపోతే నేర్చుకున్న భాషే ప్రాణం మీదికి తెస్తుందని చెబుతాను.

పోయినసారి కండ్లకోయ వైపు బడి నుంచి వచ్చిన ఒక కొత్త టీచర్ లేచి అడిగాడు. "మేడం, ఏ పిల్లకు ఇంటికాడ చంటిపిలగాడున్నడో మాకెట్ల తెలుస్తది? అడిగితే చెప్పరు గద."

"అడగక్కర్లేదు నాయినా," అన్నాను. "లేచి నిలబడమను. నడుం ఒక పక్కకు ఒరిగి ఉంటది. చెయ్యి వంగి ఉంటది. ఆ చెయ్యి ఖాళీగా కనబడితే పాఠం పక్కన పెట్టు. బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నడో పోయి చూసిరా."