నా బండికి పక్క చక్రాలు

ఈ ఉదయం బండిని సర్వీసుకు ఇస్తే, మెకానిక్ దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, వెనక గొంతుక్కూర్చుని, ఎడమవైపు పక్క చక్రాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. "అమ్మా, ఇది బాగా అరిగిపోయుండాది. కొత్తది వెయ్యల్ల. లేకుంటే రెండు పక్కలవీ తీసేస్తాను, ఊరికే బరువు. మీకి ఇవి లేకున్నా తోలను వస్తుంది గదా," అన్నాడు. "తీయొద్దప్పా, కొత్తది వెయ్యి," అన్నాను. అతను నా కాళ్ళ వంక ఒకసారి చూసి, అడగకూడనిది అడిగినట్టు తల దించుకున్నాడు. హోసూరులో నా కాళ్ళ వంక అలా చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. గుడి దగ్గర పూలమ్మే ఆవిడైతే నా కాలు బాగుపడాలని మొక్కుకుందట. ఆ మొక్కు నా కాలికి కాకపోయినా ఇంకెవరి కాలికైనా పనికొస్తుందిలే అని దండం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ చక్రాలు పెట్టించిన నాటికి నా కాళ్ళకు ఏ లోపమూ లేదు.

ఇదంతా మా అక్కతో మొదలైంది. అక్క బాగలూరు దాటాక, రోజా తోటల మధ్య ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మా నాయన ఆడపిల్లల్ని బడికి పంపలేదు. పంపినా అక్కడ చెప్పేది అరవమే. అక్క మా తాత పక్కన కూర్చుని తాను నేర్చుకున్న తెలుగును, చాటలో రాగిపిండి పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించేది. తప్పు రాస్తే చాటను ఒక్కసారి అల్లాడిస్తే చాలు, అక్షరం మాయం. ఆ పిండే మధ్యాహ్నానికి సంగటి అయ్యేది కాబట్టి, నేను నేర్చుకున్న అక్షరాలన్నీ కడుపులోకి పోయాయని ఇంట్లో నవ్వేవాళ్ళు. ఏ బడీ పెట్టని భిక్ష అది. అలాంటి అక్కకు చూపు పోయింది. "పాపా, వారానికొక పూట వచ్చి పారాయణం చదివి వినిపియ్యి. నేను నేర్పిన అచ్చరాలే కదా, నాకి తిరిగి ఇయ్యి," అంది. జన్మలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

షేర్ ఆటో బాగలూరు దాకానే పోతుంది. అక్కణ్ణుంచి మిట్టెక్కే మట్టిదారి, ఎండ. అందుకని మా ఆయన తన మోటారు సైకిలు మీద దింపేవాడు. దింపడం బాగానే ఉండేది, వేచి ఉండడంతోనే చిక్కు. వాకిట్లో బండి మీద నుంచి దిగకుండా కూర్చుని, కాసేపటికి దగ్గేవాడు. పారాయణంలో దేవుడు అడవిలో ఉండగా దగ్గు వినిపిస్తే, అడవిలోనే వదిలేసి లేవాల్సి వచ్చేది. "మీ ఆయన దగ్గినాడు, పో పాపా. సామిని వచ్చే వారం ఊరు చేరుద్దాములే," అనేది అక్క.

మా కోడలు ఇది గమనించి, లేఅవుట్లో ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ జాగాలో నాకు స్కూటరు నేర్పింది. యాభై ఐదు దాటిన అత్తకు ఓపిగ్గా నేర్పే కోడలు దొరకడం కూడా ఆ స్వామి దయే. నా పేరు మీద స్కూటరు కొన్నారు. పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాము. ఆ నిమ్మకాయలు వాడేలోపే బండి నాది కాకుండా పోయింది. వాన వస్తే మా అబ్బాయి బైకు మొరాయిస్తుంది, షిఫ్టుకు స్కూటరు కావాలి. కోడలికి ఆఫీసు బస్సు తప్పితే స్కూటరు కావాలి. గ్యాస్ సిలిండరు తేవాలంటే ముందు జాగా ఉన్నది స్కూటరుకే గనక మా ఆయనకూ కావాలి. ఎవరూ లాక్కోలేదు. "పావుగంటలో వచ్చేస్తాన్మా" అనే అందరూ వెళ్ళేవారు. నేను చీర మార్చుకుని, పుస్తకం సంచిలో పెట్టుకుని, గ్రిల్లు తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. వీధిలో వచ్చే ప్రతి బండి చప్పుడూ మాదే అనిపించేది. ఎండ గడప దాటి, కుర్చీ దాటి, నా సంచి మీదికి వచ్చేది. అప్పుడు లేచి సంచిని మేకుకు తగిలించి, బియ్యం కడిగేదాన్ని. చెడ్డవాళ్ళ ఇంట్లో అయితే అరిచి గొడవ చేసి బయటపడవచ్చు. ఇంత మంచివాళ్ళ మధ్య చిక్కుకుంటే ఎవరి మీద అరవాలి? కోపం వస్తే అది పాపమనిపించేది, రాకపోతే ఊపిరాడేది కాదు. అక్క ఫోనులో ప్రతిసారీ "వస్తావా?" అని అడిగేది. ఒకనాడు ఆ మాట మానేసి "తిన్నావా?" అని మాత్రం అడిగింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చివరికి మా అబ్బాయే అన్నాడు, "అమ్మా, ఆ బండి మాకే సరిపోతా ఉండాది. నీకి చిన్నది ఇంగొకటి తీద్దాము" అని. సంతోషించాను కానీ, షోరూముకు నలుగురమూ బయల్దేరడంతోనే ఇదీ నలుగురి బండే అవుతుందేమో అనిపించింది. నేను అడిగినవి ఎక్కువేమీ కావు. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. స్టాండు వేసేటప్పుడు నడుము పట్టకూడదు. గుంతలో పడితే వెన్ను అదరకూడదు. మిట్టదారిలో సగాన నిలబడిపోకూడదు. చాలా బండ్లు ఎక్కి దిగాను. కొన్నింటి మీద నా కాళ్ళు ఉయ్యాల్లో పిల్లకు మల్లే వేలాడాయి. ఒకటి స్టాండు నుంచి దించడానికే ఇద్దరు రావాల్సి వచ్చింది. ఆఖరున బూడిదరంగుది, పొట్టిగా, తేలిగ్గా ఉన్నది ఒకటి కనిపించింది. కూర్చోగానే పాదాలు రెండూ ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు ఆనాయి. అమ్మయ్య అనుకున్నాను. అంతలో మా అబ్బాయి ఎక్కి చూసి, "సూపరుగా ఉండాదిమా! ట్రాఫిక్కులో యాడైనా దూరిపోతుంది," అన్నాడు. కోడలు సీటెత్తి, "అత్తా, నా ల్యాప్‌టాపు బ్యాగు పడుతుంది!" అంది. మా ఆయన మైలేజీ అడిగి తల ఊపాడు. వాళ్ళు ఒక్కొక్కరే మెచ్చుకుంటుంటే, మా ఇంటి గ్రిల్లుకు ఒక్కొక్క గడియే పడుతున్నట్టు వినిపించింది నాకు.

అప్పుడు కనిపించింది, ఒక మూలన ఎవరిదో స్కూటరు, వెనక చక్రానికి అటూ ఇటూ చిన్న చక్రాలు బిగించి. మా అబ్బాయి దాన్ని చూసి నవ్వాడు. "ఆడ చూడు నాన్నా, పొట్టేలు మాదిరి ఎట్ల నిలబడుకోనుండాదో! కాళ్ళు బాగుండేవాడు దాన్ని ఫ్యాక్టరీ గేటుకాడికి తోలుకోనిపోతే వాచ్‌మేన్ కూడా నగతాడు," అన్నాడు వాళ్ళ నాన్నతో. ఆ మాట ఆ స్వామే వాడి నోట పలికించాడని ఇప్పటికీ నా నమ్మకం.

"నాయనా, నా బండికి అట్లాటి చక్రాలు పెట్టియ్యి," అన్నాను.

"నీకెందుకుమా? బ్యాలన్స్ బాగుండాది గదా?"

"బాగుండాది."

"కాళ్ళు నొప్పులా?"

"లేదప్పా."

"మళ్ళ ఎందుకి?"

"నాకి కావల్ల, అంతే."

అబద్ధం ఆడలేదు. అడిగినదానికంతా జవాబు చెప్పాను, ఒక్క చివరిదానికి తప్ప. కోడలు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత సీటు మూసేసి, నేల చూస్తూ నవ్వుకుని, "అత్త ఆశపడతా ఉంటే పెట్టియ్యండి," అంది భర్తతో. తన బ్యాగు చోటు వదులుకుని ఆ మాట అన్న పిల్లకు నేను ఇప్పటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఒక దండం ఎక్కువ పెడతాను.

కృష్ణగిరిలో ఒక షెడ్డులో చక్రాలు బిగించారు. ఆ వానాకాలంలోనే పరీక్ష వచ్చింది. కోడలు పాత స్కూటరు తీసుకుని ముందే వెళ్ళిపోయింది. మా అబ్బాయి బైకు నీళ్ళు తాగి కదలనంది. వాడు నా బండి తాళంచెవి తీసుకుని బయటికి పోయాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పక్క చక్రాలను చూశాడు. ఆకాశాన్ని చూశాడు. మళ్ళీ చక్రాలను చూసి, లోపలికొచ్చి తాళంచెవిని మేకుకు తగిలించి, "బస్సులో పోతాన్మా," అన్నాడు. గొడుగు నేనే ఇచ్చాను. పేపరు వెనక నుంచి మా ఆయన, "మంచి బీగమే ఏసినావే బండికి," అన్నాడు. అన్నీ తెలిసిన మనిషి, ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

మొదటిసారి నేనే తోలుకుంటూ వెళ్ళిన రోజు, అక్క గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి, బండిని చేతులతో తడిమింది. పక్క చక్రాలు తగలగానే ఆగి, పకపకా నవ్వింది. "నువ్వు నడక నేర్చిన కొయ్యబండికి మూడు చక్రాలుండె పాపా. ఇన్నేండ్లకి ఒగటి ఎచ్చు సంపాదించినావు!" అంది. ఆ రోజు ఎవరూ దగ్గలేదు. దేవుణ్ణి అడవి దాటించి, ఊరు చేర్చి, హారతి దాకా చదివాను. అప్పటి నుంచి ఏ వారమూ మానలేదు, ఆయన దయ.

ఈ ఉదయం మెకానిక్ చెప్పనిది ఒకటుంది, అతనికి తెలిసినా చెప్పడు. కుడివైపు చక్రం ఇంకా కొత్తదానిలాగే ఉంది. ఈ మధ్య బండి దిగేటప్పుడు నా ఎడమ మోకాలు ఒక్క క్షణం ఆలోచించుకుని గాని నిలబడడం లేదు. సిగ్నలు దగ్గర నాకు తెలియకుండానే ఆ పక్కకు వాలుతున్నాను. అవసరం లేని రోజుల్లో అడిగి పెట్టించుకున్న చక్రాలు అవి. కాలం తొందరేమీ లేకుండా, ఒక్కొక్క మరే తిప్పుతూ, ఆ అవసరాన్ని తెచ్చి బిగిస్తోంది.