సమం వస్తే ఎవరిది? పుదుచ్చేరిలో ఇరవయ్యొకటి నేర్చుకున్న రోజు

మా నెల్లూరులో పొద్దున్నే కలిసి నడిచే ముసలి బృందం గోవా వెళ్ళి పడవ కాసినో చూడాలని తీర్మానించడంతో ఈ ప్రయాణం మొదలైంది. నాకు రమ్మీ వచ్చు, మూడుముక్కలాటా వచ్చు. బ్లాక్‌జాక్ మాత్రం రాదు. రానిదాన్ని ఎవరూ నేర్పకుండానే నేర్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. సైకిలు అలాగే నేర్చుకున్నాను, మోకాలి మచ్చ ఇంకా ఉంది. ఈసారి మచ్చ వద్దనుకుని, విహార నౌకల్లో ఏళ్ళ తరబడి పేక పంచి రిటైరైన పాత స్నేహితుడు కె. రంగనాయకులుకి ఫోన్ చేశాను. ఉండేది పుదుచ్చేరి కోసపాళయంలో. "నేర్పిస్తా, రా అన్నా. వస్తే రేపే రా. ఆమీద ఉంటానో లేదో," అన్నాడు. ఏదో ఊరికెళ్తున్నాడు కాబోలు అనుకున్నాను.

చెన్నై కోయంబేడులో తెల్లవారుతుండగానే బస్సెక్కాను. ఈసీఆర్ అనే సముద్రతీరపు రోడ్డు మీదుగా వెళ్ళేదేనా అని అడిగి మరీ ఎక్కండి. టికెట్టు రెండొందల లోపే, ప్రయాణం మూడున్నర గంటలు, కూర్చోవలసింది ఎడమ కిటికీ. మరక్కాణం దగ్గర ఉప్పుమడుల పక్కన కుప్పలు తెల్లగా మెరుస్తుంటే, ఇంత ఉప్పున్న దారిలో టిఫిన్ సాంబారు అంత చప్పగా ఎలా చేయగలిగారా అని ఆశ్చర్యపోయాను. బస్‌స్టాండు నుంచి ఆటో నూట ఇరవై. రంగనాయకులు ఇల్లనగానే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఆస్పత్రికి తీసకపోను వచ్చినారా సార్? రెండు తూర్లు నా బండే వచ్చింది. రెండు తూర్లూ ఆయన దిగి ఇంట్లోకి దూరినాడు."

ఇంక నాకు ఆటో బయట ఏమీ కనిపించలేదు.

గుమ్మంలో రంగనాయకులు నవ్వుతూనే ఉన్నాడు, కానీ మూడు మెట్లు దిగి రావడానికి మధ్యలో ఒకసారి ఆగాడు. గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. మర్నాడు పొద్దున్నే చేరాలి. ఈసారీ తప్పించుకుంటే ఇంక తన బాధ్యత లేదని డాక్టరు చెప్పేశాడు.

"ఆ మాట వదిలిపెట్టన్నా, ఆటకు రా," అంటూ బల్ల మీద పచ్చగుడ్డ పరిచాడు.

పాఠం బాగా చెప్పాడు. చేతిలో ముక్కల మొత్తం ఇరవయ్యొకటికి దగ్గర కావాలి, దాటకూడదు. రాజు, రాణి, జాకీ తలా పది. ఆసు ఒకటిగానో పదకొండుగానో మన ఇష్టం. మొదట అందరికీ రెండేసి ముక్కలు. పంచేవాడి రెండింటిలో ఒకటే తెరిచి ఉంటుంది. ఆసూ పదీ కలిసి వస్తే అదే బ్లాక్‌జాక్, పందేనికి ఒకటిన్నర రెట్లు. ఇంకో ముక్క కావాలంటే వేలితో గుడ్డ మీద తట్టాలి, చాలంటే అరచెయ్యి అడ్డంగా ఆడించాలి. నోటి మాట పనికిరాదు, పైనున్న కెమెరాకు చెవుల్లేవు. ఇరవయ్యొకటి దాటితే అక్కడికక్కడే ఓటమి. పంచేవాడికి మాత్రం సొంత బుద్ధి ఉండకూడదు: పదహారు వరకూ తీసి తీరాలి, పదిహేడు వస్తే ఆగి తీరాలి.

"పంచేవాడికి ఆరు కనిపిస్తా ఉందనుకో. సుమ్మా ఉండు, ముక్క అడగొద్దు. వాడే మునుగుతాడు. నీ చేతిలో పద్దెనిమిది ఉండి ఇంకా అడిగినావంటే నిన్ను బల్ల కాడ్నించి లేపెయ్యాల."

"సమం వస్తే?"

అతను వంటింటి వైపు గొంతు పెంచాడు. "ఓడల్లో ఎవరి పందెం వాళ్ళకి. ఈ ఇంట్లో మాత్రం బ్యాంకుకంట, అంటే పంచేవాళ్ళకి! మా తాత ఫ్రెంచి పటాలంలో నేర్చుకొచ్చిన పాత ఆట. తప్పు అని ఎన్నేండ్లుగానో చెప్తా ఉండా, ఈమె వినదు."

"ఓడలో నువ్వు పనివాడివి, ఇది నా ఇల్లు," అంది అతని భార్య సరోజమ్మ లోపల్నుంచి.

భోజనంలో జాలర్ల పేట వైతికుప్పం నుంచి పొద్దున వచ్చిన చేపల పులుసు. ఎవరూ సరిగా తినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చిన సరోజమ్మ బల్ల ముందు కూర్చుని పేక అందుకుంది. ఆ ఇంట్లో మాటలతో తెగని వ్యవహారం ఒకే ఒక్క ఆటతో తెగుతుందట. ఇంటికి పసుపు రంగా తెలుపా అన్నదీ అలాగే తేలింది. బ్యాంకు ఎప్పుడూ ఇంటి ఇల్లాలిదే.

"ఇష్టం లేకపోయినా చేసి తీరాల్సిన పనులన్నీ మాకే గదా అన్నా, ఇదీ మాకే ఇచ్చినారు," అంది నాతో. భర్త వైపు తిరిగి, "నేను గెలిస్తే రేపు ఆటోలో దిగకుండా కూర్చుంటావు," అంది.

"నేను గెలిస్తే ఆస్పత్రి మాట ఈ ఇంట్లో మళ్ళా ఎత్తగూడదు."

"సరి."

నేను అడ్డుపడబోయాను. రంగనాయకులు పేక నా ముందుకు జరిపాడు. "కొయ్యన్నా. చుట్టాలే కొయ్యాల."

పేక రెండుగా కోశాను. ఏ చోట కోస్తే ఏ ముక్క పైకి వస్తుందో!

అతనికి కళావరు రాజు, ఎనిమిది. పద్దెనిమిది. సరోజమ్మ ముందు ఆరు, పక్కన మూసిన ముక్క. పాఠం విని రెండు గంటలైనా కాని నాకు కూడా తెలుసు, ఇక అతను చెయ్యి అడ్డంగా ఆడించాలి. ఆమె అతని చేతినే చూస్తోంది.

అతను వేలితో గుడ్డ మీద తట్టాడు.

సరోజమ్మ కదల్లేదు. మళ్ళీ తట్టాడు. ఆమె ముక్క వేసింది. మూడు. ఇరవయ్యొకటి.

గెలవబోయేవాడి మొహం అలా పాలిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఆమె మూసిన ముక్క తిప్పింది. తొమ్మిది. ఆరూ తొమ్మిదీ పదిహేను, తీసి తీరాలి. పై ముక్క మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తిప్పింది. ఇస్పేటు ఆరు.

ఇద్దరివీ ఇరవయ్యొకట్లే.

సరోజమ్మే ముందు అంది: "నీ ఓడ రూలు ప్రకారం... ఎవరి పందెం వాళ్ళదే. నువ్వు చెప్పిందే చెయ్."

రంగనాయకులు ముక్కలన్నీ దగ్గరికి లాగి, అంచులు సరిచేసి, ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఓడ కాదు గదా. నా పెట్టె యాడుందో చూడు."

సాయంత్రం అరుగు మీద అడిగాను, "పద్దెనిమిది మీద ముక్క అడిగావేం?"

"వేలు తగిలింది అన్నా."

"రెండుసార్లా?"

"సుమ్మా ఉండన్నా," అని వీధి వైపు తిరిగాడు.

మర్నాడు అదే ఆటో. దారిలో డ్రైవరు మాటిమాటికీ అద్దంలో చూశాడు. ఎవరూ దిగలేదు. ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో నేనూ సరోజమ్మా ఎదురుచూసిన పూట గురించి రాయను. అక్కడ పంచేది ఎవరో, ఏ ముక్క మూసి ఉందో మాకు కనిపించలేదు. మధ్యాహ్నానికి నర్సు వచ్చి, అంతా బాగానే జరిగిందన్నట్టు తల ఊపింది.

గోవా వెళ్ళాను కూడా. పడవ మీద రెండు ఆటలు ఆడి లేచాను. ఎవరైనా గుడ్డ మీద వేలితో తడితే చాలు, నా చూపు ఆ మనిషి మొహం మీదికి పోతోంది. ఓడిపోవాలనుకున్న మనిషికి కూడా ఓడిపోవడానికి ఒక రూలు కావాలని కోసపాళయం వెళ్ళకముందు నాకు తెలియదు. మొన్న ఫోన్ చేస్తే రంగనాయకులు, "ఆ పొద్దు నిజానికి సమమే అన్నా, ఓడ రూలే కరెక్టు," అని మొదలుపెట్టాడు. వెనకనుంచి సరోజమ్మ గొంతు: "మాత్ర మింగినావా?" ఫోన్ పెట్టేశాడు.

మీరు ఆడబోతుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ బల్ల ముందైనా కూర్చునే ముందు, సమం వస్తే ఎవరిదో అడగండి.