కోయకుండా రాసిన నక్క రిపోర్టు

నాలుగేళ్లుగా ఈ మాటను లోపలే మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పాప నిద్రపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అడవి జంతువుల డాక్టర్ని. జంతువు జబ్బు మనిషి గడప దాకా వస్తుందని విశాఖలో బడి బడికీ తిరిగి పాఠాలు చెప్పినదాన్ని.

ఆ రోజు ఆటోనగర్‌లో ఒక షెడ్డులోకి పట్టపగలే నక్క దూరింది. తూలుతూ, చొంగ కారుస్తూ. మా దగ్గర పనిచేసే అప్పలరాజు దాన్ని గోనెసంచితో పట్టాడు. చేతులకు తొడుగులు లేవు. బోను దాకా తెచ్చేసరికి చచ్చిపోయింది. దాని చొంగ అతని పగిలిన వేళ్లకూ, నా మణికట్టు మీది గీరుకూ అంటింది.

"సబ్బుతో బాగా కడుక్కో అప్పలరాజూ" అన్నాను.

"నక్క తోక తొక్కితేనే అదురుష్టమంతారు. నాను నక్కనే ఎత్తేసినాను మేడమ్, నాకేటవద్ది?" అని నవ్వాడు. అంతలోనే ఆగి, "పిచ్చిదేటి మేడమ్?" అన్నాడు.

"కాదు. ఏదో బండి గుద్దింది."

ఎందుకలా అన్నాను? జంతువుకు పిచ్చి, అంటే రేబిస్, ఉందని అనుమానం వస్తే తల కోసి ల్యాబ్‌కు పంపాలి. నాకప్పుడు నాలుగో నెల. నా ఉద్యోగం కాంట్రాక్టు పొడిగించరేమోనని ఆఫీసులో ఆ సంగతి దాచాను. కోయాలంటే కడుపులో బిడ్డకేమవుతుందోనని భయం, ఇంకొకరిని కోయమంటే కారణం చెప్పాల్సి వస్తుందని భయం. కోయకుండానే 'వాహనం ఢీకొని మృతి' అని రాసి పూడ్పించేశాను.

మర్నాడు గాజువాకలో నన్నెరగని క్లినిక్‌కు వెళ్లి, కుక్క గీరిందని చెప్పి సూది వేయించుకున్నాను. మిగతావీ వరసగా వేయించుకున్నాను. అతనికి చెప్పలేదు. చెబితే నా రిపోర్టు అబద్ధమని తేలిపోతుంది. అన్ని రోజులూ అతను నా ఎదుటే తిరిగాడు. ఒక్క మాట చాలు, ఇంకా సమయముంది అనుకుంటూనే, నిజంగా బండి దెబ్బేనేమో అని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ, అతను తెచ్చిన టీ తాగాను. నేను నమ్మానా ఆ బండిని? నమ్మితే సూదులెందుకు?

రెండు నెలలకు గ్లాసులో నీళ్లు చూసి వణికిపోయాడు. నాలుగు రోజుల్లో పోయాడు.

ఏ వీధికుక్కో కరిచి ఉంటుందన్నారు అందరూ. నేనూ తలూపాను. అతని భార్య దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "కుక్క కరిసిందని ఒక్క మాట సెప్పలేదు మేడమ్, నాకాడ దాసేసినాడు" అంది. ఇప్పటికీ ఎక్కడ కనిపించినా పోయినవాణ్ణి అదే మాటతో తిడుతుంది.

దాచింది అతను కాదు. నేను. ఆమె ముందు అనాల్సిన మాట. ఇక్కడైనా అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.