కొసరుకు వచ్చిన కార్డు

కిష్టప్ప చేయి గొర్రె నడుము మీద పడితే ఇక తూకంతో పని లేదని తాండూరు సంతలో అనుకునేవారు. పండ్లు చూసి వయసు చెప్పేవాడు. రెప్ప విప్పి లోపలి ఎరుపు చూసి రోగం చెప్పేవాడు. నలభై ఏళ్ల బేరాల్లో అతన్ని మోసం చేసినవాడు ఒక్కడూ లేడు. ఆ మాట లోకం అనకముందే అతనే అనేవాడు.

కాగ్నా వాగు అవతలి పల్లెలో గొర్రెలు కాసే ఇంట పుట్టి, ఊరి బడిలోనే ఏడో తరగతి ఫస్టు క్లాసులో పాసైనవాడు. గొర్రెల పెంపకందారుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడైనవాడు. ఎనభై ఏడులో జిల్లా పోటీలో అతని పొట్టేలుకు మొదటి బహుమానం వచ్చింది. ఆ ఇత్తడి పతకం దర్వాజా పైన మేకుకు వేలాడుతూ ఉండేది. పల్లెకు పశువుల డాక్టరును మొదట తీసుకొచ్చింది ఎవరు? కిష్టప్ప. నాపరాళ్ల గనివాళ్లు బాట మూసేస్తే మందలన్నీ తోలుకుపోయి ఆఫీసు ముందర నిలబెట్టింది ఎవరు? కిష్టప్పే. ఇవన్నీ చెప్పడం మొదలుపెడితే అతను వరుస తప్పేవాడు కాదు, సంవత్సరం తప్పేవాడు కాదు.

అతని భార్య కాశమ్మకు అలాంటి లెక్కలేమీ లేవు. ఆమెకు ఉన్నవి ఉన్ని పాటలు. గొంగడి కోసం ఉన్ని ఏకేటప్పుడు ఒకటి, వడికేటప్పుడు ఒకటి, నేతకు ఇచ్చేటప్పుడు ఒకటి. తల్లి దగ్గర నేర్చినవి, అత్త దగ్గర నేర్చినవి, కన్నడం దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర సగం సగం పట్టుకున్నవి. ‘నల్లగొర్రె నా తల్లి, నడిసొచ్చే మబ్బు’ అని ఆమె ఎత్తుకుంటే, కదురు తిరిగినంతసేపు పాట తిరిగేది. ఒక పెద్ద పాట ఉంది. దానికి ఒక మధ్యాహ్నం పూర్తిగా కావాలి. ఊళ్లో గొంగళ్లు కప్పుకునేవాళ్లు తగ్గాక ఆ పాటలు కూడా ఆమె ఒక్కదాని నోట్లోనే మిగిలాయి.

ఆ నోటికే ఆపద వచ్చింది. గొంతు బొంగురుపోతే జలుబనుకున్నారు. జలుబు కాదని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. లోపల గడ్డ. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది, మాట మాత్రం దక్కదు. ఇరవై రెండు రోజుల తర్వాతి తారీఖు రాసిచ్చాడు.

తిరుగు రైల్లో కిష్టప్ప, మనవరాలు నవనీత చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. వికారాబాద్ స్టేషన్లో బండి ఆగినప్పుడు కాశమ్మే అంది, “గట్ల మొఖాలు యాలాడేసుకుంటరేంది? పీడ పోయింది అనుకోరాదు? మీ తాతతోని కొట్లాడుడు తప్పుతది.”

నవనీత నవ్వబోయి ఏడ్చింది. ఆ పిల్ల వికారాబాదులో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకునేది. పెళ్లిళ్లలో కెమెరా పట్టగలదు గాని సొంత కెమెరా లేదు. ఇల్లు చేరగానే తాత ముందు కూర్చుంది.

“తాతా, అవ్వ పాటలన్నీ తీసి పెట్టాలె. ఫోన్ల తీసి సూసిన. పగిలిన ఫోను, తుమ్మెద రొదలెక్క వస్తుంది. కెమెరా కావాలె, మైకు కావాలె. టైం లేదు.”

“ఎంతయితది అనేది నువ్వడగకు,” అన్నాడు కిష్టప్ప. “రెండు పొట్టేళ్లు ఉన్నయి. కాని బేరం నేను జేస్త. బేరంల నన్ను మించినోడు ఈ జిల్లల లేడు.”

మరునాడు పొద్దున పందిరి కింద ఫోను చేతికిచ్చి నవనీత రెండు రకాలు చూపించింది. ఒకటి హైదరాబాదులో ముప్పై ఏళ్లుగా ఉన్న దుకాణం వాళ్లది. ఉత్త కెమెరా, ఒక లెన్సు. కంపెనీ వారంటీ, జీఎస్టీ బిల్లు ఉన్నాయి. కార్డు, మైకు విడిగా కొనుక్కోవాలి. రెండోది సెట్టు. దానికన్నా తక్కువ ధరకే కెమెరాతో కలిపి పదహారు వస్తువులు.

“పదహారా!” కిష్టప్ప కళ్లు వెలిగాయి.

“తుడుసుకునే గుడ్డను సుత ఒక వస్తువని లెక్క కట్టిండు తాతా. ఊదుకునే రబ్బరు బుడ్డిని ఇంకొకటి. జర నింపాదిగ సూడు. మెచ్చుకుంట రాసినోళ్లందరు ఒక్క వారంలనే రాసిన్రు. అందరు ‘సూపర్’ అన్నోళ్లే. ఏం ఫోటో తీసిన్రో ఒక్కడు రాయలె. దుకాణం పెట్టి రెండు నెలలు గాలె. వారంటీ ‘మేమే ఇస్తం’ అన్నడు గాని కంపెనీ ఇస్తదని అనలె. నువ్వే గద నాకు చెప్పినవ్, మెడల గంటలు ఇప్పి గొర్రెను సూడుమని. ఈ పదిహేను ఇప్పేసి కెమెరా ఒక్కటే సూడు.”

కిష్టప్ప మీసం కింద నవ్వుకున్నాడు. తన మాట తనకే ఎదురొస్తే ఎవరికైనా ముద్దుగానే ఉంటుంది. కాని సంతలో ఇంకో మాట కూడా ఉంది. ఇరవై గొర్రెలు అమ్మినవాడు మంద వెంట ఒక పిల్లను కొసరుగా తోలాలి. ఆ పిల్లను బట్టే అమ్మినవాడి గుణం తెలుస్తుంది. కుంటిదాన్ని తోలినవాడితో మళ్లీ ఎవరూ బేరానికి కూర్చోరు. మంచి పిల్లను తోలినవాడి మందను కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. కిష్టప్ప నలభై ఏళ్లు ఆ నమ్మకం మీదే నడిచాడు, ఎన్నడూ తొట్రుపడలేదు.

“గంట వేరు బిడ్డా, కొసరు వేరు. గంట మోసం జెయ్యనీకి కడ్తరు. కొసరు ఇచ్చేటోడు మళ్ల వారం సంతల మొఖం సూపియ్యాలె గద అని ఇస్తడు.”

“వీని మొఖం మనం ఎన్నడన్న సూస్తమా తాతా?”

కిష్టప్ప ఫోను ఆమె చేతిలో పెట్టాడు. “నంబరు గలుపు” అన్నాడు.

అవతలి గొంతు తేనెలో ముంచినట్టుంది. ‘పెద్దాయనా’ అన్నాడు, ‘మీరెట్ల చెప్తే గట్లనే’ అన్నాడు. ఏ ఊరని కిష్టప్ప అడిగితే, ముందు మీదెక్కడో చెప్పమన్నాడు. చెప్పగానే, “అరె, మాది సుత గా దిక్కే పెద్దాయనా, పరిగి పక్కకే” అన్నాడు. కిష్టప్ప తలాడించి, మనవరాలి వైపు కనుబొమలు ఎగరేశాడు. తర్వాత అసలు బేరానికి దిగాడు.

“పదహారు నువ్వు అందరికి ఇచ్చేటియి. నాకు కొసరేది?”

అవతలివాడు నవ్వాడు. కాసేపు లాగాడు, గునిశాడు, ఓడిపోయినట్టు నిట్టూర్చాడు. “సరే, మీ మొఖం సూసి ఇంకో మెమరీ కార్డు. పెద్దది. రెండు వందల యాభై ఆరు జీబీ. ఎవ్వలకు చెప్పకుండ్రి.”

లోపలి నుంచి కాశమ్మ బొంగురు గొంతు వినబడింది. “నా గొంతుకు సుత కొసరు అడుగుతున్నడు సూడు, మీ తాత!”

ఆ సాయంత్రం చావడి దగ్గర జంగప్ప ఎదురుపడితే, “పదహారిటి మీద పదిహేడోది గుంజిన” అని కిష్టప్ప చెప్పాడు. సంతలో అతని ఈడువాడే జంగప్ప. “కెమెరాకు పండ్లుంటయా, ఎట్ల సూసినవ్?” అని అతను వేళాకోళం చేస్తే, “మనిషిని సూసిన, సాలదా?” అన్నాడు.

ఒక పొట్టేలు అమ్మిన డబ్బుకు అయిదో రోజు పెట్టె వచ్చింది. తాను వచ్చేదాకా విప్పవద్దని, విప్పేటప్పుడు వీడియో తీయాలని నవనీత చెప్పింది. కిష్టప్పకు అంత ఓపిక లేక కొడవలితో కోసి అన్నీ మంచం మీద పరిచి పెట్టాడు. చూడవచ్చిన వాళ్లతో మంచం చుట్టూ సందు లేకపోయింది. మూడు రోజులకు నవనీత వచ్చి బ్యాటరీలు చేతిలోకి తీసుకుంది. రెంటి మీదా కంపెనీ పేరు లేదు. వాపసు పంపితే కొత్తది వచ్చేసరికి పది రోజులు. ఆపరేషన్‌కు పదమూడు రోజులే ఉన్నాయి. ఇక దీంతోనే కానిద్దామని కెమెరాలో కార్డు పెట్టింది. పెద్దది, తాత గెలిచినది.

మొదటి రోజు కాశమ్మ కెమెరా ముందు కూర్చోనంది. చెంగు అడ్డం పెట్టుకుంది. “ముందుగల ఆయనను తియ్యి. ఆయనకు సిగ్గు లేదు” అంది.

కిష్టప్ప తెల్ల ధోవతి కట్టి, తలపాగా చుట్టి, పతకం మేకు నుంచి తీసి ఛాతీకి పెట్టుకుని కూర్చున్నాడు. బడి నుంచి మొదలుపెట్టాడు. సంఘం ఎన్నికలు, పొట్టేలు బహుమానం, డాక్టరు రాక, గని ముందర మందలు. పావుగంట చాలనుకున్న నవనీత ఆపలేకపోయింది. మధ్యాహ్నం దాటింది. ఆ రాత్రికి బ్యాటరీలు రెండూ అయిపోయాయి.

ఆ తర్వాత ఆరు రోజులు కాశమ్మ పాడింది. మొదట సిగ్గుపడుతూ, తర్వాత కెమెరాను మరచిపోయి. కదురు తిప్పుతూ పాడింది, ఉన్ని ఏకుతూ పాడింది. గొంతు చీలిన చోట ఆగి, వేడినీళ్లు మింగి, మళ్లీ అందుకుంది. ఒక్కో మాటకు అర్థం కూడా చెప్పింది. అయిదో రోజు పెద్ద పాట మొత్తం పాడింది. కిష్టప్పకు పెళ్లినాటి నుంచి తెలిసిన పాటే. కాని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నది ఆ రోజే.

తీసినవి వెనక్కి వేసి చూద్దామంటే బ్యాటరీ నిలవడం లేదు. చూస్తూ కూర్చుంటే పాట మధ్యలో ఆగిపోతుందని నవనీత ఊరుకుంది. పేర్లు వరుసగా కనబడుతున్నాయి, నిమిషాలు కనబడుతున్నాయి. లాప్‌టాప్ వికారాబాద్ హాస్టల్లో ఉంది. ఆపరేషన్‌కు ముందు పరీక్షలున్నాయని రమ్మంటే, మర్నాడు పొద్దునే అవ్వను తీసుకుని నేరుగా హైదరాబాద్ పోవలసి వచ్చింది. కార్డును చిన్న డబ్బీలో పెట్టి, డబ్బీని గుడ్డలో చుట్టి, తాత చేతికిచ్చింది. అతను దాన్ని పతకం పక్కన మేకుకు కట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల గడిచాక కాశమ్మ మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. గొంతు కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటుంది. గొర్రెలు ఆమెను చూసి అరిచాయి. ఆమె పెదాలు కదిలాయి.

మరునాడు నవనీత లాప్‌టాప్ తెచ్చి కార్డు పెట్టింది. మొదటి వీడియో తెరుచుకుంది. తలపాగాతో కిష్టప్ప. రెండోది తెరుచుకుంది. కిష్టప్పే. మూడోది తెరుచుకోలేదు. నాలుగు, అయిదు, ఇరవై, ముప్పై. పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. నల్లటి తెర.

పరుగున రైలెక్కి వికారాబాద్ పోయారు, తాతా మనవరాలూ. స్టూడియో నడిపే శివయ్య కార్డును రెండు రకాల యంత్రాల్లో పెట్టి చూశాడు. తర్వాత అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“పెద్దాయనా, దీని మీద రెండు వందల యాభై ఆరు అని రాసిన్రు. లోపల ఉన్నది పదహారే. నిండినంక సుత రాస్తున్నట్టు అబద్ధం చెప్తది. కెమెరా నమ్ముతది.”

“చెడిపోయినయి తీసేటోళ్లు ఉంటరంట గద. ఎంతయినా ఫికర్ లేదు. ఇంకో పొట్టేలు ఉంది నాకు,” అన్నాడు కిష్టప్ప.

“చెడిపోతే తీస్తం. ఇది రాయనే రాయలె. ఏముందని తీసేది?”

కిష్టప్ప ఫోను అందుకుని ఆ నంబరు కలపమన్నాడు. అలాంటి నంబరే లేదని ఫోన్లో గొంతు చెప్పింది. దుకాణం పేజీ కూడా లేదు. పరిగి పక్క ఊర్లన్నీ అతనికి తెలుసు. ఏ ఊరని ఆ రోజు రెండోసారి అడగలేదు. సంతలో అయితే అడిగేవాడు. ఎవరి కొడుకువని అడిగేవాడు.

రైల్లో నవనీత అంది, “నేను సుత తప్పు జేసిన తాతా. మొదటి దినమే పరీక్ష జేసి సూడాల్సింది.”

“నువ్వు చెప్పినవ్ బిడ్డా,” అన్నాడతను. “గంటలు ఇప్పి సూడుమని చెప్పినవ్.” తాండూరు దాకా ఆ కార్డు డబ్బీని చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

కాశమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె విన్నది. చాలాసేపు ఉన్ని బుట్ట వైపు చూసింది. ఆ తర్వాత లాప్‌టాప్ వైపు వేలు చూపి, ఉన్నది వేయమని సైగ చేసింది.

ఉన్నది కిష్టప్ప గొంతే. ఛాతీ మీద పతకంతో, సంవత్సరం తప్పకుండా, వరుస తప్పకుండా. “ఎనభై ఏడుల జిల్లా పోటీలు...” తన గొంతు తనకే పరాయిగా వినబడింది. ఆపమందామనుకున్నాడు. కాశమ్మ ఆపనివ్వలేదు. సంఘం అయింది, డాక్టరు అయింది, గని అయింది. రెండో వీడియో చివర, పొట్టేలు మాట రెండోసారి ఎత్తుకోబోతుండగా, తెరలో కనబడని చోటి నుంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, విసుగుతో, నవ్వుతో.

“ఇగ సాలు తియ్యి. పిల్ల చెయ్యి నొస్తుంది. బువ్వ సల్లగైతుంది, రా.”

అంతే. అక్కడితో వీడియో అయిపోయింది.

కాశమ్మ చేయి మెడ గుడ్డ మీదికి పోయింది. మళ్లీ వేయమని సైగ చేసింది.

“గా ముక్క ఒక్కటి కోసి ఫోన్ల పెడత తాతా, ఎప్పుడంటే అప్పుడు ఇనచ్చు” అంది నవనీత.

“కొయ్యకు. ఎట్లున్నది గట్లనే ఉండనీ.”

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అతను ఆ వీడియోలు వేయించుకుంటాడు. ఆ నాలుగు మాటల దాకా చేరడానికి తన గొప్పలన్నీ మొదటి నుంచి వింటాడు. పతకం ఇప్పుడు మేకుకు లేదు. ఎక్కడ పెట్టాడో ఎవరూ అడగలేదు. సంతలో కొసరు పిల్లను తోలితే వద్దంటున్నాడని జంగప్ప ఊరంతా చెప్పాడు గాని, ఎందుకని ఎదుట అడగలేదు.

నిన్న కూడా వీడియో అయిపోయి తెర నల్లబడింది. కిష్టప్ప దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపలి నుంచి కాశమ్మ వచ్చి, కంచం అతని ముందు పెట్టి, అంచు మీద వేలితో రెండుసార్లు కొట్టింది. అతను లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.