జీపు దిగిన సుబేదారు

ఎనభైల చివర్లో జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి, మగవాళ్ల సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరుగా వచ్చాను. అవి ముఠాకక్షల రోజులు. ఒక ఊరి రెండు పార్టీల మనుషులు ఒకేసారి గాయాలతో వస్తే చెరో వార్డులో పడుకోబెట్టి, తలుపు దగ్గర పోలీసును కూర్చోబెట్టేవాళ్లం. ఎవరి పక్కన ఎవరిని ఉంచకూడదో గుర్తుపెట్టుకోవడమే నాకు పెద్ద పని.

ఆ రోజుల్లో నాకు ఊరటగా ఉన్నవాళ్లు మాజీ సైనికులు. పులివెందుల, ముద్దనూరు, చాపాడు వైపు నుంచి కొందరు వంతులు వేసుకుని వచ్చేవారు. ఆసుపత్రిలో చేరిన పాత సిపాయిలకు అన్నం తినిపించేవారు, గడ్డం గీసేవారు, ఎక్స్‌రేకు తీసుకుపోయేవారు. జీతం లేదు, భత్యం లేదు. వాళ్లతో ఒక్కటే చిరాకు, వార్డులో కూడా కవాతు గొంతుతోనే మాట్లాడేవారు. ఇది పెరేడు మైదానం కాదు సామీ అని రోజూ మొత్తుకునేదాన్ని.

ఒక ఎండాకాలం పెద్దముడియం వైపు నుంచి ఓబులేసు చేరాడు. పట్టాళంలో నాయక్‌గా, అంటే సిపాయికి రెండు మెట్లు పైన, పనిచేసి వచ్చినవాడు. షుగరు మనిషి. చేలో కంపముల్లు దిగి పాదం నల్లబడింది. ఇలాంటి కాలికి ఎరుపు ఎక్కడిదాకా పాకిందో చూసి పెన్నుతో గీత గీస్తాం. మర్నాటికి ఎరుపు గీత దాటితే విషం పైకి ఎక్కుతున్నట్టే. మోకాలి కింద కాలు తీసేయాలి, ఆలస్యం చేస్తే ప్రాణం దక్కదు అని సర్జన్ గారు చెప్పేశారు.

ఓబులేసు ససేమిరా అన్నాడు. కొడుకులు ముఠా కేసుల భయంతో ఊరు విడిచిపోయారు. దగ్గరున్నది భార్య లక్షుమ్మ ఒక్కతే.

"కాలు ల్యాకపోతే నేను పరిగెత్తేదెట్ల సిస్టరమ్మా? వాళ్లొస్తే మంచంలోనే నరికిపోతారు" అన్నాడు.

పట్టాళం మనిషి మాటైతే వింటాడేమోనని పులివెందులలో ఉన్న సుబేదారు మస్తాన్ గారికి కబురు పెట్టాను. సుబేదారంటే జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య పెద్దమనిషి. కాళ్లు పోయినవాళ్లు మళ్లీ నడవడం కళ్లారా చూసినవాడు.

ఆయన వచ్చాడు. కానీ ఓబులేసు ఎదుటి పార్టీ నాయకుడి జీపులో వచ్చి, సరిగ్గా వార్డు కిటికీ ముందే దిగాడు! కిటికీ పక్క మంచమే ఓబులేసుది. ఆయన దండం పెట్టి క్యారియరు తెరిస్తే ఇతడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ జీపు దిగినోని చేతి నీళ్లు గూడా తాగను. ఆయప్పను పొమ్మను."

ఇన్సులిన్ వేసిన మనిషి తినకపోతే కళ్లు తిరిగి పడిపోతాడు. లక్షుమ్మ చేత చక్కెర నీళ్లు తాగించి, సుబేదారును వరండాలోకి పిలిచి కడిగేశాను.

"ముద్దనూరులో బస్సు పోయిందమ్మా. దావలో ఆపి ఎక్కమన్న్యారు, ఎక్కినా. దీంట్లో తప్పేముంది?" అన్నాడాయన.

"పట్టాళంలో ఉండి మన ఊళ్లు మర్చిపోయినావు సామీ. ఈడ జీపెక్కడమంటే పార్టీలో చేరడమే" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. ఆ మర్నాటి నుంచి బస్సులోనే వచ్చాడు. ఆ కాలంలో విషం భయంతో క్యారియరు తెచ్చినవాడే ముందు ఒక ముద్ద తినాలి. అంత హోదా చేసిన మనిషి మంచం పక్కన నేలమీద కూర్చుని, నాయక్ చూస్తుండగా సంగటి ముద్ద ముందు తాను మింగేవాడు. ఓబులేసు కరగలేదు. భార్య కాచిన గంజి తప్ప ఏదీ ముట్టలేదు. ఎరుపు మాత్రం గీతలు దాటుకుంటూ పోయింది. ఇంకొక్క రోజు చూస్తాం, ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు అన్నారు సర్జన్ గారు. లక్షుమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం సుబేదారు ఎదురుగా రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాడు. నిప్పులు చెరిగే ఎండ. అదే జీపు వచ్చి ఆయన ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆ పార్టీ నాయకుడే లోపల ఉన్నాడు. వార్డులో లేవగలిగినవాళ్లంతా కిటికీల దగ్గరికి చేరారు. పిలిచినవాడు అలాంటి ఇలాంటివాడు కాదు, కాదంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. సుబేదారు నమస్కారం పెట్టాడు, బస్సులోనే పోతానన్నట్టు తల అడ్డంగా ఊపాడు, ఎండలోనే నిలబడ్డాడు. జీపు కాసేపు కదల్లేదు. తర్వాత దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఓబులేసు మోచేతుల మీద లేచి అంతా చూశాడు.

"సిస్టరమ్మా, డాక్టరుకు చెప్పు, కాలు తీయమను" అన్నాడు. రోడ్డువైపు చెయ్యి చూపించి, "ఆయప్పను లోపలికి పిలువు, ఎండ శానా ఉండాది. నాకు ఆకలైతాంది" అన్నాడు.

నేనే చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డుదాకా పరిగెత్తాను.

ఆపరేషను బాగా జరిగింది. షుగరు పుండు కాబట్టి మానడానికి చాలా కాలం పట్టింది. చంకకర్రలతో నడక నేర్పింది సుబేదారే. "ఏందప్పా, నాయక్‌వా, ముసలమ్మవా? నిటారుగా నిలబడు!" అని ఆయన అరుస్తుంటే ఈసారి నేను మందలించలేదు. జీపువాళ్లు ఆయనను పలకరించడం మానేశారు. దేవుడి దయవల్ల అంతకు మించి ఏమీ జరగలేదు.

వంతుకు వచ్చే కొత్త మాజీ సైనికులకు అప్పటినుంచి మొదటి రోజే చెప్పేదాన్ని: నడిచి రండి, లేదా బస్సులో రండి. సాయానికి వచ్చినవాడు మంచివాడైతే చాలదు. ఎవరి మనిషీ కాదని రోగి కళ్లారా చూడాలి. అలా కనిపించాలంటే వచ్చినవాడు ఏదో ఒకటి పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. ఏమీ పోగొట్టుకోని సాయాన్ని మా వైపు ఎవరూ నమ్మరు.