ఏ చివర నుంచి, సోములు గారూ?

సోములు గారికి ఒకటే అలవాటు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు "ఏ చివర నుంచి?" అని అడుగుతారు. జవాబు వచ్చేదాకా ఆ పని కదలదు, ఎండ పొడిచేదాకా అరకు లోయలో మంచు కదలనట్టు.

ఆయన పేపరు ఆఖరి పేజీ నుంచి చదువుతారు. విశాఖ బస్సులో ముందు సీటు ఇస్తానన్నా వద్దని, వెనక అద్దం దగ్గర కూర్చుంటారు. "వచ్చే దారిని డ్రైవరు చూసుకుంటాడు. ఎల్లిపోయే దారిని ఎవరో ఒకరు చూడొద్దా?" అంటారు. దారి పక్క చేలలోని వలిసెపూల పసుపు ఆ అద్దంలో చిన్నదై, ఇంకా చిన్నదై, ఒక చుక్కగా మిగిలి, మలుపులో ఆరిపోతుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటారు.

ఒకసారి ఒక పెళ్ళిలో అడ్డాకులు పరిచారు. వడ్డించేవాడు మాంసం కూర బకెట్టుతో బయలుదేరగానే సోములు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏ చివర నుంచి?"

"మీరు కూకున్న చివర నుంచే బాబూ."

"అన్నం ఇటు నుంచే వచ్చింది కదా? కూర అటు నుంచి రానీ."

వాడు బకెట్టు మోసుకుంటూ పందిరి అవతలి చివరకు నడిచాడు. మా చివరవాళ్ళమంతా కూర వాసన దూరమవుతుంటే సోములు గారిని చూస్తూ కూర్చున్నాం. ఆ చూపులకు ఇంకొకరైతే లేచి వెళ్ళిపోయేవారు. ఆయన ఉప్పు నంజుకుంటూ కూర్చున్నారు.

ఆయన భార్య చిన్నమ్మలు గారు పెళ్ళిచూపుల సంగతి ఇలా చెబుతారు. "నా పేరడగలేదు, సదువడగలేదు. అక్కసెల్లెళ్ళలో ఏ చివర అన్నాడు. ఏడుగురిలో ఆఖరిదాన్ని అన్నాను. అయితే అటు నుంచి మొదటిదానివే కదా అన్నాడు. ఇక నేనేటి సేస్తాను, ఒప్పుకున్నాను."

మా ఊరు పాచిపెంట. కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటరు పనికి చేరినప్పుడు, అక్కడ పదకొండేళ్ళుగా ఆ పని చూస్తున్న సోములు గారిని బాబాయ్ అనడం మొదలుపెట్టాను. మా సంఘంలో పద్నాలుగు ఊళ్ళు. పండిన కాఫీ పళ్ళు కోసిన రోజే ఆఫీసు వెనకున్న తొక్క ఒలిచే మిషన్‌కు చేరాలి. ఒక్క రాత్రి నిలవుంటే పులిసిపోతాయి. అందుకని పొద్దున్నే ఊళ్ళ వరస కాగితం మీద వస్తుంది, ఆ వరసలో వ్యాను పళ్ళు ఎత్తుకుంటుంది. ఆఖరి ఊరు గొందిపుట్టు. దాని పైన మబ్బు తప్ప ఏమీ లేదు.

ఆ కాగితం తీసే కంప్యూటరు ఎవరో దాత ఇచ్చిన పాతది. అందరూ దాన్ని ముసల్ది అంటారు. ముసల్దానికి ఒక జబ్బు. ఒక రోజు ఊళ్ళను కొండ కింద నుంచి పైకి రాస్తే మర్నాడు పై నుంచి కిందికి రాస్తుంది. వ్యాను డ్రైవరు అప్పారావు రోజూ గుమ్మంలోంచే అడిగేవాడు.

"ఇవాళ ముసల్ది తిన్నగుందా, తిరగబడిందా?"

"తిరగబడింది."

"పదకొండేళ్ళ నుంచి ఈ మనిషి దాన్ని బాగుసెయ్యలేకపోనాడు సూడు," అని నవ్వుకుంటూ కొండెక్కేవాడు. సోములు గారు కూడా నవ్వేవారు.

మొన్న డిసెంబరులో, పళ్ళ కోత జోరు మీద ఉండగా, కొత్త విండోస్ లాప్‌టాప్ వచ్చింది. ముసల్దానిలోని రైతుల వివరాల ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, సోములు గారు రాసిన ప్రోగ్రామ్‌ను కొత్తదానిలోకి ఎక్కించి తెరిచాను. పేర్లన్నీ బాగానే ఉన్నాయి. అంకెలకే పిచ్చెక్కింది. గొందిపుట్టు దేముడమ్మ నలభై కిలోల పళ్ళు ఇస్తే, పదివేల రెండు వందల నలభై అని చూపిస్తోంది.

సంఘం ప్రెసిడెంటు కృపావతి గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "దేముడమ్మకి ఉన్నది ఒక్క ఎకరం. ఇన్ని పళ్ళు ఎక్కడ కోసింది, కలలోనా?"

సోములు గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కీబోర్డు ముట్టుకోలేదు. కిటికీలోంచి మంచు లోపలికి వచ్చి ఆయన భుజం మీద కాసేపు ఆగింది. దూరంగా గూడ్సు బండి ఒక సొరంగంలోకి దూరి, ఇంకో ఆలోచనలోంచి బయటికొచ్చినట్టు బయటికొచ్చింది.

"ఏ చివర నుంచి?" అన్నారు లాప్‌టాప్‌తో.

"బాబాయ్, అది మాట్లాడదు."

"అందుకే ఈ గొడవ. ఇలా సూడమ్మీ. ముసల్ది తన బుర్రలో ఉన్నదంతా ఒక వరసలో పేర్చి మూట కడుతుంది. ఆ మూటే ఈ ఫైలు. ఒక్కో అంకెనీ రెండు గంపల్లో పెడుతుంది. పెద్ద గంప ముందు, చిన్న గంప వెనక. పెద్ద గంపలో ఒక్కొక్కటీ రెండు వందల యాభై ఆరు కింద లెక్క. దేముడమ్మ పెద్ద గంప ఖాళీ, చిన్నదానిలో నలభై ఉన్నాయి. కొత్తదానికేమో చిన్న గంప ముందు దించుకోవడం అలవాటు. ఖాళీదాన్ని చిన్నదనుకుంది, నలభై ఉన్నదాన్ని పెద్దదనుకుంది."

"అయితే తప్పెవరిది?"

"ఎవరిదీ కాదు. ఒకరినొకరు అడగలేదు, అంతే."

పెద్ద గంప ముందు దించుకోమని ప్రోగ్రామ్‌లో ఒక వాక్యం రాశారు. మళ్ళీ ఎవరూ తికమక పడకుండా, మూట ఏ చివర నుంచి కట్టారో ఫైలు తలమీదే గుర్తు పెట్టించారు. దేముడమ్మ పళ్ళు మళ్ళీ నలభై కిలోలయ్యాయి. ఆ సాయంత్రం బస్సులో ఆయన వాళ్ళ అక్కను చూడడానికి సీలేరు వెళ్ళారు, వెనక అద్దం దగ్గర కూర్చుని.

నాకు గర్వం తలకెక్కింది. ఊళ్ళ వరస తిరగబడే జబ్బు కొత్తదానిలోనూ కనబడింది. ఇదీ ఆ మూట గొడవే అనుకున్నాను. సోములు గారు వచ్చేసరికి బాగుచేసి చూపిద్దామని, వరస రోజూ కింద నుంచి పైకే వచ్చేలా బిగించేశాను. ఆడపిల్లలందరినీ గుంటా అని పిలిచే అప్పారావు కాగితం చూసి నన్ను మెచ్చుకున్నాడు. "సిన్న గుంటవైనా సాధించావు."

మూడో రోజు పొద్దున దేముడమ్మ కొండ దిగి నడిచి వచ్చింది. నెత్తిమీది గంప వరండాలో దించింది. పులిసిన వాసన ఆఫీసంతా నిండింది.

"నిన్న మా రోజు. కోసి దారి పక్కన కూకున్నాం. వేను నిండిపోయొచ్చింది. ఎక్కడ ఎక్కించను అన్నాడు అప్పారావు." గంపలోంచి ఒక పండు తీసి వాసన చూసి, మళ్ళీ అందులోనే పెట్టింది. "ఏటి గుంటా, కంప్యూటర్‌కి ఏటైనాది?"

"జబ్బు నయమైంది దేముడమ్మా. నేనే బాగుచేశాను."

ఆమె గంపను నా కాళ్ళ దగ్గరికి జరిపింది.

"చెట్ల మీద ఇంకా సగం పంట ఉంది. రేపు కోసినవీ ఇలాగే అయితే ఈ ఏడు పోయినట్టే," అంది. తర్వాత గొంతు తగ్గించి, ముసలి అత్తకు మందడిగినట్టు అడిగింది. "ఆ జబ్బు మళ్ళీ బేగి తెప్పించలేవా?"

పులిసిన పళ్ళను ఎండబెట్టి తక్కువ రకంలో కలపడం తప్ప చేసేదేం లేదు. వాటిని చాప మీద ఆరబోసి సీలేరుకు ఫోన్ చేశాను. అవతల నీళ్ళు దూకుతున్న చప్పుడు.

"బాబాయ్, ఊళ్ళ వరస తిరగేసింది మీరేనా?"

ఆయన నీళ్ళకు దూరంగా జరిగినట్టున్నారు, చప్పుడు తగ్గింది.

"బాగుసేసీశావా?" అన్నారు.

"చేసేశాను. గొందిపుట్టు పళ్ళు పులిసిపోయాయి."

"ఆఖరి ఊరికి వ్యాను ఎప్పుడూ నిండే వస్తుందమ్మీ. కింది ఊళ్ళవాళ్ళు వ్యానులో చోటు లేని రోజు నడిచైనా మిషన్‌కి తెచ్చుకోగలరు. ఆ మాట మీటింగులో పెట్టాను, ఏ చివర నుంచి ఎత్తుదామని. పద్నాలుగు ఊళ్ళు పద్నాలుగు రకాలుగా అరిచాయి. మనిషి తిప్పితే తగువు. కంప్యూటర్ తిప్పితే నవ్వుకుని ఊరుకుంటారు."

"మరి మీకు చేతకాదని పదకొండేళ్ళుగా అంటున్నారు కదా?"

"అననీ. పళ్ళు పులవలేదు కదా."

మర్నాడు కాగితం గొందిపుట్టుతో మొదలైంది. అప్పారావు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కొత్తదానికీ అంటుకుందేటి?"

"అంటుకుంది. నా వల్ల కాలేదు."

"మా ఊరు అన్నిటికంటే కింద," అన్నారు కృపావతి గారు అతను వెళ్ళాక, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే. "ఈ రోజు వ్యాను మాకు ఆఖరుకొస్తుంది. పళ్ళు నెత్తిన పెట్టుకుని నడిచొస్తాం, ఎప్పట్లాగే." ఒక కాగితం తిప్పారు. "నువ్వు బాగుచేశావని విన్నప్పుడే నాకు భయమేసింది గుంటా. ఇంక దాని జోలికి పోకు."

సాయంత్రం మంచులోంచి ముందు రెండు దీపాలు, తర్వాత వ్యాను, ఆ తర్వాత ముందు సీటులో దేముడమ్మ కనబడింది. గంపలు వరండా పొడుగునా వరసగా దించారు. ఎర్రటి పళ్ళు, కొండగాలి చల్లదనం ఇంకా వాటి మీదే ఉంది. నేను కాటా పట్టుకుని వరస మొదట నిలబడ్డాను. అది మొదలో కాదో ఉన్నట్టుండి అనుమానం వచ్చింది.

"ఏ చివర నుంచి?" అన్నాను.

దేముడమ్మ అప్పారావును చూసింది. అప్పారావు కృపావతి గారిని చూశాడు.

"ఓలమ్మ," అంది దేముడమ్మ, "ఈ గుంటకీ అంటుకుంది."